కమాను కట్టలు – బండి మోయగల బరువు



ఎలక్ట్రానిక్ సిటీ యను పేరు చెవిని బడగానే గణనయంత్రములును, అద్దాల మేడలును మనకు స్ఫురించును. కర్ణాటక ప్రభుత్వ సంస్థయగు కియోనిక్స్ 1978లో, శ్రీ ఆర్. కె. బాళిగా గారి దూరదృష్టి ఫలముగా, కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామములలోని 332 ఎకరముల నేలపై ఈ వాడకు పునాది వేసెను. కాని యీ వాడ గణనయంత్రముల వలన మాత్రమే బ్రదుకుట లేదు. దీనికి బియ్యము, నీరు, కూరగాయలు, ఇటుక, ఇనుము ప్రతిదినము మోసి తెచ్చునవి చిన్న లారీలు. వీనినే మనము పికప్ బండ్లని వ్యవహరించుచున్నాము. వీనిని నడుపువారిలో చిత్తూరు, అనంతపురము వైపులనుండి వచ్చిన తెలుగువారు పలువురు కలరు. మన పాఠశాల పిల్లలలో కొందరి తండ్రులకు ఇదియే జీవనాధారము.

ఇటీవల ఇట్టి బండ్లపై సరకు వేయుటకు మారుగా శాశ్వతముగా ఒక గదిని కట్టించుకొనువారు పెరుగుచున్నారు. కొందరు ఆ గదిలో పొయ్యిలు, నీటి తొట్టి అమర్చి ఇడ్లీ దోసెల వ్యాపారము చేయుదురు. మరికొందరు మంచములు, అలమరలు పెట్టి యాత్రలకు పోవు ఇల్లుగా మార్చుదురు. అమెరికాలో ఇట్టి నివాసపు గదులను క్యాంపర్లందురు. కేరళ ప్రభుత్వము 2021లో ఇండ్ల వంటి బండ్లతో పర్యాటకమును పెంపొందించుటకు ఒక విధానమునే ప్రకటించెను. గది కట్టించినంతనే బండి వెనుక భాగము క్రుంగుట కానవచ్చును. అప్పుడు యజమాని పోవునది కమాను కట్టువాని యొద్దకు. “ఇంకొక రెండు పట్టీలు వేయుము” అని కోరును. అతడు వేయును, బండి లేచి నిలుచును. యజమాని సంతృప్తితో మరికొంత బరువు నెక్కించును.

ఇట్లు లేచి నిలిచిన బండి నిజముగా ఎక్కువ బరువు మోయగలదా? ఈ ప్రశ్నకు ఉత్తరము తెలియకుండుట వలన అప్పు చేసి కొన్న బండియు, అంతకంటె విలువైన ప్రాణములును ప్రమాదమున పడును. కావున దీనిని మొదటినుండి విచారింతము.

కమాను అనగా నేమి?

కమాను అను మాట పారసీక భాషనుండి వచ్చినది. ఆ భాషలో దానికి విల్లు అని యర్థము. వంగి, విడిచినంతనే మరల యథాస్థితికి వచ్చుట వింటి గుణము. బండి కమానునకును ఉన్నది ఆ గుణమే.

కావడి మోయువానిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వెదురు బద్ద నడుమ అతని భుజముపై ఆని యుండును. రెండు కొనలనుండి కుండలు వ్రేలాడుచుండును. అతడు అడుగు వేసినపుడెల్ల కొనలు వంగి మరల లేచును. ఆ యూపు వలననే కుండల బరువు భుజముపై ఒక్కుమ్మడిగా దెబ్బవలె పడక మెల్లగా పడును. బద్దకు మారుగా ఇనుప కడ్డీని పెట్టి మోయుమన్నచో, బరువు అంతే యైనను, భుజము వాచిపోవును. చిన్న లారీలో భుజమునకు మారుగా ఇరుసు, వెదురు బద్దకు మారుగా ఉక్కు పట్టీల కట్ట, కుండలకు మారుగా ఛాసీయు దానిపై బరువును ఉన్నవి. భేద మొక్కటియే: కమాను కొనలు మొదట పడవవలె మీదికి లేచి యుండును, బరువు పడిన కొలది చదునగును.

మన పూర్వపు ఎద్దుబండికి కమానులు లేవు. దాని యిరుసుపై బరువు నేరుగా కూర్చుండెడిది. జట్కా బండికి కమానులు గలవు. అందుచేతనే జట్కాలో ప్రయాణము కొంత సుఖముగా నుండెడిది. నేటి లారీలలో కమానునకు మరియొక బాధ్యత కూడ గలదు. ఇరుసును ముందు వెనుకలకు, ప్రక్కలకు జరుగనీయక తన స్థానమున నిలుపునది కూడ ఆ కట్టయే. తల్లి పట్టీ విరిగినచో బండి క్రుంగుట మాత్రమే గాక, ఇరుసు ప్రక్కకు తొలగి బండి త్రోవ తప్పవచ్చును.

పట్టీలు పెక్కు యేల?

ఇంగ్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ఒక నియమమును ప్రకటించెను. సాగెడి వస్తువు, ఒక పరిమితికి లోబడి, వేసిన బలమునకు తగినంతయే సాగును. కమానునకు దీనిని అన్వయింతము. 100 కిలోల బరువునకు ఒక సెంటీమీటరు వంగు కట్ట 200 కిలోలకు రెండు సెంటీమీటర్లు, 300 కిలోలకు మూడు సెంటీమీటర్లు వంగును. తక్కువగా వంగు కట్టను బిగువు గలదందుము.

“పెక్కు పట్టీలేల? ఒకే మందమైన పట్టీ చాలదా?” అని మీలో ఎవరైన ప్రశ్నింపవచ్చును. దీనికి లెక్కయే ఉత్తరము చెప్పును. పొడవు, వెడల్పు సమానమైనపుడు పట్టీ బిగువు దాని మందము యొక్క ఘనమును అనుసరించి యుండును. 8 మిల్లీమీటర్ల పట్టీకి 8 × 8 × 8, అనగా 512 పాళ్లు. 10 మిల్లీమీటర్ల పట్టీకి 10 × 10 × 10, అనగా 1000 పాళ్లు. మందము నాల్గవ వంతు మాత్రమే పెరిగినను బిగువు దాదాపు రెండింతలైనది. అనగా 8 మిల్లీమీటర్ల పట్టీలు రెండును, 10 మిల్లీమీటర్ల పట్టీ యొకటియు బిగువున ఇంచుమించు సమానములు.

ఐనను మన్నికలో అవి సమానములు కావు. పట్టీ వంగినపుడు దాని ఒక ముఖము సాగును, మరియొక ముఖము ముడుచుకొనును. పట్టీ మందమైన కొలది, అదే వంపునకు, ఆ ముఖములపై ఒత్తిడి పెరుగును. పైన చెప్పిన 10 మిల్లీమీటర్ల పట్టీపై ఆ ఒత్తిడి నాల్గవ వంతు అధికము. సన్నని ఈనె ఎంత వంచినను విరుగదు. అదే మేరకు వంచిన లావు కట్టె ఫెళ్లున విరుగును. కావున సన్నని పట్టీలను పెక్కింటిని చేర్చి కట్టుటచే బలమును, వంగెడి గుణమును రెండును సిద్ధించును. నడుమ భాగమున వంపు బలము అధికమగుటచే అచ్చట పట్టీలన్నియు కలిసియుండును. కొనలకు పోవు కొలది ఒక్కొక్కటిగా తగ్గిపోవును. పట్టీలు ఒకదానిపై నొకటి ఒరసికొనుట వలన బండి ఊగులాట కొంత అణగును. మిగిలిన ఊపును అణచుటకు షాక్ అబ్జార్బరు గలదు.

సరకు వేరు, గది వేరు

సరకుల బండి ఉదయము నిండుగా పోయి సాయంకాలము ఖాళీగా వచ్చును. దాని కమానునకు దినమున కొంత విశ్రాంతి గలదు. గది కట్టిన బండికి విశ్రాంతి లేదు. రాత్రి నిలిచియున్నప్పుడును ఆ భారము కమానుపై నుండనే యుండును. నిరంతరము వంగియుండు పట్టీలు ఏండ్లు గడచిన కొలది తమ పూర్వపు వంపును కోల్పోవును.

రెండవ భేదము ఎత్తు. బియ్యపు మూటలు బండి పలకపై అడుగున నుండును. గది గోడలు, కప్పు, అలమరలు ఎత్తున నుండును. గురుత్వ కేంద్రము పైకి పోయిన కొలది మలుపులలో బండి ప్రక్కకు ఒరుగును. సిల్కు బోర్డునుండి ఎలక్ట్రానిక్ సిటీకి 2010లో తెరువబడిన ఎత్తైన వంతెన రహదారిపై ప్రక్కగాలి గది గోడను తెరచాపవలె త్రోయును. క్రింద సర్వీసు రోడ్డుపై స్పీడు బ్రేకర్లును, గుంతలును అదే గదిని అటునిటు ఊపును.

మూడవది బరువు నిలుచు స్థానము. ఒక చిన్న లెక్క చూడుడు. బండి ముందు, వెనుక ఇరుసుల నడిమి దూరము 240 సెంటీమీటర్లనుకొందము. 240 కిలోల నీటి తొట్టిని వెనుక ఇరుసునకు ఆవల 60 సెంటీమీటర్ల దూరమున పెట్టితిమి. తులాదండ నియమము ననుసరించి ముందు ఇరుసుపై భారము 60 కిలోలు తగ్గును. వెనుక ఇరుసుపై 240 గాక 300 కిలోలు పెరుగును. ముందు చక్రములు తేలికయైనచో స్టీరింగు త్రిప్పినను బండి చెప్పిన మాట వినదు. వెనుక క్రుంగి ముందు లేచుటచే దీపముల వెలుగు ఎదుటివాని కన్నులలో పడును. నీటి తొట్టిని రెండు ఇరుసుల నడుమ, పలకకు అంటునట్లు అమర్చినచో, ఒక్క రూపాయి వెచ్చింపకయే ఈ దోషములలో పెక్కు తొలగును.

బరువు లెక్క

2005లో టాటా వారు ఏస్ అను చిన్న బండిని విడుదల చేసిరి. జనులు దానిని ముద్దుగా చోటా హాథీ యనిరి. దాని మోత మొదట 750 కిలోలుగా నిర్ణయింపబడెను. మన పొరుగున హోసూరులోని అశోక్ లేలాండు కర్మాగారమునుండి 2011లో వెలువడిన దోస్త్ బండి మోత 1,250 కిలోలు. ఈ రెండింటిని మనసున నుంచుకొని టిఫిను గదికి ఊహామాత్రముగా ఒక పట్టిక వేయుదము.

ఇనుప చట్రము, రేకులు, తలుపు: 450 కిలోలు
పొయ్యిలు, గ్రైండరు, బల్లలు: 150 కిలోలు
నీరు 200 లీటర్లు: 200 కిలోలు
వ్యాపారపు గ్యాసు సిలిండర్లు రెండు: 75 కిలోలు
పాత్రలు, బియ్యము, పిండి: 125 కిలోలు
ముందు కూర్చుండు ఇద్దరు: 120 కిలోలు

మొత్తము 1,120 కిలోలు. నీరు లీటరునకు కిలో చొప్పున తూగునని మనము తరగతిలో నేర్చితిమి. గ్యాసు సిలిండరులో 19 కిలోల వాయువునకు తోడు ఇంచుమించు అంతే ఇనుము గలదని పలువురు మరతురు. ఈ గది 1,250 కిలోల బండిపై ఇముడును. 750 కిలోల బండిపై 370 కిలోలు అధికమగును. ఆ 370 కిలోలను ఎన్ని పట్టీలు వేసినను చట్టబద్ధముగా గాని, క్షేమముగా గాని మోయించుట సాధ్యము కాదు. కావున గది పరిమాణమును నిర్ణయించుటకు ముందే బండిని నిర్ణయింపవలెను.

కమానును బలపరచు మార్గములు

మోత పరిమితికి లోబడియే బరువున్నను బండి క్రుంగుట, ఒరుగుట గలవు. వానికి తగిన మార్గములు ఇవి.

మొదటిది పాత పట్టీలను విప్పించి, వంపు పోయినవానిని, బీట వారినవానిని మార్చుట. వంపు మాత్రమే తగ్గిన పట్టీలకు మరల వంపు పెట్టుట వాడుకలో గలదు. కాని ఉక్కును సరియైన వేడిమికి కాచి, చల్లార్చి, మరల తగినంత వేడి చేయు పద్ధతి తెలిసిన చోటనే దానిని చేయింపవలెను.

రెండవది అదనపు పట్టీ. సమానమైన పట్టీలు ఐదు గల కట్టకు అట్టిదే ఆరవది చేర్చినచో బిగువు సుమారు ఐదవ వంతు పెరుగును. చేర్చు పట్టీ వెడల్పు, వంపు తక్కిన పట్టీలతో సరిపోవలెను. ఎడమ కుడి కట్టలు రెండింటను సమానముగా వేయింపవలెను. కట్ట మందము పెరిగినందున పొడవైన కొత్త యూ బోల్టులను వాడవలెను.

మూడవది సహాయపు కమాను. ఇది ప్రధానమైన కట్టపై వేరుగా నుండి, బరువు ఒక మేరను మించినప్పుడు మాత్రమే ఆని పనిచేయును. ఎక్కించి దించెడి గదులకు ఇది మేలు. ఏలయన గదిని దించి వేసిన నాడు బండి పూర్వపు మెత్తదనముతో నడచును. గది శాశ్వతమైనచో బిగువైన కట్టయే చాలును.

నాల్గవది గాలి కమాను. దృఢమైన రబ్బరు తిత్తిలో గాలిని నింపి ఛాసీకిని ఇరుసునకును నడుమ అమర్చుదురు. పెద్ద బస్సులలో మీరు దీనిని చూచియుందురు. బరువు ననుసరించి గాలిని హెచ్చింపను, తగ్గింపను వచ్చును. కాని తిత్తి చిరిగినచో బండి ఒక ప్రక్కకు క్రుంగును. కావున తరచుగా పరీక్షింపవలెను.

ఐదవది ఒరుగుట నివారించు కడ్డీ. ఇది ఎడమ కుడి చక్రములను కలిపియుండును. ఒక ప్రక్క క్రుంగి వేరొక ప్రక్క లేవబోయినప్పుడు మెలిదిరిగి ఎదిరించును. ఎత్తైన గదులకు ఇది ఎంతయు ఉపకారి.

కట్టకును ఇరుసునకును నడుమ దిమ్మ పెట్టి బండి నెత్తుట, పొడవైన షాకిళ్లు వేయుట యను పనులు కూడ కొందరు చేయుదురు. వీని వలన బండి ఎత్తు పెరుగునే గాని బలము కించిత్తును పెరుగదు. విరిగిన పట్టీని వెల్డింగు చేయించుట మరింత ప్రమాదకరము. వెల్డింగు వేడిమికి ఆ చోట ఉక్కు తన పదును కోల్పోవును. అతుకు ప్రక్కనే మరల విరుగును.

కమాను చేయలేని పనులు

బరువు కమానుతో ఆగిపోదు. గది భారము ఛాసీపై, ఛాసీ భారము కమానుపై, కమాను భారము ఇరుసుపై, ఇరుసు భారము బేరింగులపై, చక్రములపై, టైర్లపై పడును. ఇది గొలుసు వంటిది. అన్నింటికంటె బలహీనమైన కొక్కెమే గొలుసు బలము. కమానును మాత్రము బలపరచుట నడిమి కొక్కెమును లావు చేయుట వంటిది.

టైరు ప్రక్కగోడపై ఒక అంకె ముద్రింపబడి యుండును. 91 అని యున్నచో ఆ టైరు 615 కిలోలు మోయగలదని యర్థము. పట్టీలు చేర్చినంత మాత్రమున ఆ అంకె మారదు. బ్రేకుల సంగతియు అట్టిదే. కదలెడి బండి శక్తి దాని బరువునకును, వేగము యొక్క వర్గమునకును తగియుండును. గంటకు 40 కిలోమీటర్ల వేగమునుండి 60కి పెరిగినచో ఆ శక్తి రెండుంబాతిక రెట్లగును. ఆ శక్తినంతయు బ్రేకులు వేడిమిగా మార్చి వెలిపుచ్చవలెను. బరువును కూడ పెంచినచో అవి కాగి పట్టు సడలును.

ఇచ్చటనే అసలు మోసము గలదు. క్రుంగిన బండి తన కష్టమును పైకి చెప్పుచుండును. యజమాని దానిని చూచి బరువు తగ్గించును. పట్టీలు చేర్చిన పిదప బండి నిటారుగా నిలుచును. కష్టము మాత్రము టైర్లకు, బేరింగులకు, బ్రేకులకు దిగిపోయి కంటికి కానరాకుండును. జ్వరమునకు కారణము తెలిసికొనక ఉష్ణమాపకమును దాచినట్లగును.

చట్టము ఏమనుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టము 113వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడిన మొత్తము బరువును మించి బండిని నడుపరాదు. పట్టీలు చేర్చుట వలన పత్రములోని అంకె మారదు. 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదు. కావున గది కట్టింపదలచినవారు పని ప్రారంభింపక పూర్వమే ప్రాంతీయ రవాణా కార్యాలయమున అడిగి, అనుమతి పొంది, మార్పును పత్రమున వ్రాయించుకొనవలెను. 2019లో సవరింపబడిన 194వ సెక్షను అధిక భారమునకు 20,000 రూపాయలును, ఆపై అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును జరిమానాగా విధించుచున్నది. అధిక భారమును దింపినగాని బండిని కదలనీయరు. పత్రమునకు భిన్నముగా మార్చిన బండికి ప్రమాదము జరిగినప్పుడు బీమా సొమ్ము విషయమున చిక్కులు కలుగవచ్చును.

చేయదగినది

గది కట్టింపదలచిన తల్లిదండ్రులకు క్రమముగా చెప్పదగిన మాటలివి. ఖాళీ బండిని వేబ్రిడ్జిపై తూచుడు. మొదట ముందు చక్రములను మాత్రము, పిదప వెనుక చక్రములను మాత్రము ఎక్కించి వేరువేరుగా తూచి వ్రాసికొనుడు. పత్రములోని మొత్తము బరువునుండి ఖాళీ బరువును తీసివేసి, మిగిలినదానిలో పదవ వంతు విడిచిపెట్టి గది లెక్క వేయుడు. బరువైన వస్తువులను అడుగున, ఇరుసుల నడుమ, ఎడమ కుడి సమానముగా అమర్చుడు. కమాను పని ఆ పిదపనే చేయింపుడు. గది పూర్తియైన తరువాత నీరు, గ్యాసు నింపి మరల తూచుడు. కొత్త యూ బోల్టులు కొన్ని దినములు నడచిన పిమ్మట సడలుట సహజము, మరల బిగింపుడు. అవి సడలినచో నడిమి సెంటరు బోల్టు తెగి ఇరుసు జరుగును.

విద్యార్థులారా! ఈ పనిలో మీకును భాగము గలదు. తులాదండము, ఘనము, వర్గము, గురుత్వ కేంద్రము అను మాటలను మీరు పరీక్షకొరకు మాత్రమే చదువుచున్నామని తలంపకుడు. మీ తండ్రిగారు గది కట్టింపబూనినచో, కాగితము, కలము తీసికొని ఆయన ప్రక్కన కూర్చుండి పై పట్టికను మీరు వేయుడు. మీరు తెలుగున నేర్చిన లెక్క మీ యింటి బండిని కాపాడినచో, చదువునకు అంతకంటె ప్రయోజనము వేరొకటి యేమున్నది? తెగుదాక లాగరాదని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట త్రాటికి ఎంత వర్తించునో, కమానునకును అంతయే వర్తించును.